పిల్లల ఇళ్ళు నడిపిన తల్లీకొడుకులు

మన పట్టణాలలో ఏ పేటలో తిరిగినా ఒక బోర్డు కంటబడుతుంది. ఒక మూల సీతాకోకచిలక, ఇంకొక మూల పెన్సిలు పట్టుకున్న పాపాయి, నడుమ పెద్ద అక్షరాలతో "మాంటిస్సోరి" అనే మాట. ఆ మాటను ఒక్కో పెయింటరు ఒక్కో రకంగా రాస్తాడు. మా వీధి మలుపులో ఉన్న బోర్డు మీద "మాంటిశ్రీ" అని ఉంది. పాపం, రాసినవాడు అది ఎవరో మన అమ్మాయి పేరే అనుకున్నాడు కాబోలు! ఒక విధంగా అతను అనుకున్నదే నిజం. అది ఒక ఆడమనిషి ఇంటిపేరు. ఆవిడ మన దేశపు మనిషి కాదు గాని, మన దేశంలో చాలాకాలమే ఉంది.

ముప్పయ్యేళ్ళకు పైగా శిశు తరగతులలో పనిచేసి రిటైరైన దాన్ని గనుక, నన్ను చూడగానే తల్లులు అడిగే ప్రశ్న ఒకటే. "టీచరుగారూ, మా బాబును మాంటిస్సోరిలో వేయమంటారా, మామూలు బళ్ళో వేయమంటారా?" నేను వెంటనే జవాబు చెప్పను. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆ పేరు వెనుక ఉన్న కథ చెబుతాను. అది ఒక తల్లి కథ, ఆవిడ కొడుకు కథ, వాళ్ళిద్దరూ కలిసి దేశదేశాలలో నడిపిన పిల్లల ఇళ్ళ కథ. ఈనాడు డబ్బున్నవాళ్ళ బడులకు గుర్తుగా మిగిలిన ఆ పేరు, కూలివాళ్ళ పిల్లలను పగటిపూట కనిపెట్టి ఉండడానికి తెరిచిన ఒక గదితో మొదలైంది. చిత్రమేమిటంటే, ఆ గది తెరవడానికి అసలు కారణం పిల్లల మీద ప్రేమ కాదు. గోడల మీద ప్రేమ!

గోడలకు వచ్చిన కష్టం

ఇటలీ రాజధాని రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేట ఉంది. 1880ల్లో ఆ నగరానికి మేడలు కట్టే పిచ్చి పట్టింది. అప్పులు చేసి కట్టారు, అంతలో బేరాలు పడిపోయాయి, కట్టినవి కట్టినట్టే మొండిగోడలతో నిలిచిపోయాయి. పని వెతుక్కుంటూ నగరానికి వచ్చిన కూలిజనం వాటిలో చేరారు. ఒకడు ఒక వాటా అద్దెకు తీసుకోవడం, దాన్ని గదులుగా మార్చి మరొకరికి ఇవ్వడం, ఆ గదిలో మూలలను ఇంకొకరికి ఇవ్వడం! ఆ పేట పేరు చెబితే పెద్దమనుషులు ముక్కు మూసుకునేవారు.

కొన్నాళ్ళకు ఒక గృహనిర్మాణ సంస్థ ఆ మేడలు కొన్నింటిని కొని, బాగుచేయించి, సంసారులకు అద్దెకు ఇచ్చింది. దాని అధికారి ఎదొఆర్దో తలామో అనే ఇంజనీరు. మేడలు బాగుపడ్డాయి గాని కొత్త చిక్కు వచ్చిపడింది. తెల్లవారగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోతారు. బడి ఈడు పిల్లలు బడికి పోతారు. మిగిలినవాళ్ళు మూడేళ్ళవాళ్ళూ, నాలుగేళ్ళవాళ్ళూ. వాళ్ళు రోజంతా మెట్లమీద పరుగెత్తి, కొత్తగా సున్నం వేసిన గోడలను గీకి, బొగ్గుతో గీతలు గీసి, దొరికినదల్లా విరగ్గొట్టేవారు. తలామో లెక్క వేసుకున్నాడు. ఏటా మరమ్మతులకు పోసే డబ్బుతో ఒక గదీ, ఒక పంతులమ్మా పెట్టి ఈ పిల్లలను ఒకచోట కూర్చోబెడితే గోడలు దక్కుతాయి గదా అనుకున్నాడు. అందుకు తగిన మనిషి కోసం వెతికితే కనిపించినావిడ డాక్టర్ మరియా మాంటిస్సోరి.

అప్పటికి ఆవిడకు ముప్పయ్యారేళ్ళు. 1870 ఆగస్టు 31న కియారవల్లె అనే చిన్న ఊళ్ళో ఒక ప్రభుత్వోద్యోగి ఇంట పుట్టింది. తండ్రికి ఇష్టం లేకపోయినా, తల్లి రెనిల్డె అండతో వైద్యం చదివి, 1896లో రోము విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంది. మగపిల్లల సరసన నిలబడి శవాన్ని కోయడం ఆడపిల్లకు తగదని, అందరూ వెళ్ళిపోయాక ఒంటరిగా ఆ గదిలో పని చేసుకోవలసి వచ్చేదట. పట్టా వచ్చాక ఆవిడ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలతో పనిచేసింది. ఇటార్, సెగాఁ అనే ఫ్రెంచి వైద్యుల పాత పుస్తకాలు చదివి, చేతితో తాకి నేర్చుకునే వస్తువులు చేయించింది. ఆ పిల్లలలో కొందరు మామూలు పిల్లలతో సమానంగా చదవడం, రాయడం నేర్చుకున్నారు. లోకం ఆవిడను మెచ్చుకుంది. ఆవిడకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. "ఈ పిల్లలే ఇంత నేర్చుకుంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బడులు ఎంత వెనక్కు లాగుతున్నాయో గదా!" అని.

తలామో కబురు అందగానే ఆవిడ ఒప్పుకున్నది అందుకే. ఆయనకు గోడలు కావాలి, ఆవిడకు పిల్లలు కావాలి. బేరం కుదిరింది.

ముక్కు చీదడం నేర్పిన పాఠం

1907 జనవరి 6న, వియా దెయి మార్సి వీధిలో 58వ నెంబరు మేడలో ఆ గది తెరిచారు. ఆవిడ స్నేహితురాలు ఓల్గా లోడి దానికి "కాసా దెయి బంబీని" అని పేరు పెట్టింది. అంటే పిల్లల ఇల్లు. బడి అనలేదు, అనాథాశ్రమం అనలేదు. ఇల్లు అన్నారు.

దాని నిబంధనలు అచ్చువేసి గోడకు అంటించారు. అవి చదివితే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ మేడలో కాపురమున్నవారి పిల్లలకే ప్రవేశం. రుసుము లేదు. పిల్లవాణ్ణి వేళకు, ఒళ్ళు కడిగి, ఉతికిన బట్టలు వేసి పంపాలి. వారానికి ఒక్కసారైనా తల్లి వచ్చి పంతులమ్మతో మాట్లాడాలి. పంతులమ్మ ఆ మేడలోనే కాపురం ఉండాలి. ఒక వైద్యుడు పిల్లలను కనిపెట్టి ఉంటాడు. మురికిగా వచ్చినవాళ్ళనూ, పంతులమ్మను అగౌరవపరిచినవారి పిల్లలనూ తీసివేస్తారు. ఈ చివరి నిబంధన కఠినమైనదే. నీళ్ళ కోసం వరుసలో నిలబడే కూలితల్లికి రోజూ పిల్లవాడి ఒళ్ళు కడగడం ఎంత కష్టమో యజమానికి పట్టదు. అయితే ఇందులో ఇంకొక సంగతి ఉంది. గోడలు పాడుకాకుండా చూసుకున్నందువల్ల మిగిలిన డబ్బే ఈ ఇంటి ఖర్చు గనుక, ఇది ధర్మసత్రం కాదనీ, ఆ తల్లిదండ్రుల సొంత ఆస్తి అనీ మాంటిస్సోరి పదే పదే చెప్పేది.

మొదటిరోజు యాభై అరవైమంది పిల్లలు వచ్చారు. బెదురు చూపులు, కారే ముక్కులు, ఏడ్పులు. వాళ్ళను చూసుకోవడానికి కుదిరినది ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక యువతి. అది మంచిదే అయింది. శిక్షణ పొందినావిడ అయితే తాను నేర్చుకున్నదంతా పిల్లల మీద రుద్దేది.

ఒకరోజు మాంటిస్సోరి పిల్లలకు చేతిరుమాలుతో చప్పుడు లేకుండా ముక్కు చీదుకోవడం ఎట్లాగో నవ్వుతూ చేసి చూపించింది. పిల్లలు మాత్రం నవ్వలేదు. ఊపిరి బిగపట్టి చూశారు. చూపించడం అయిపోగానే ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు! ఆవిడ వెళ్ళిపోతుంటే గుమ్మందాకా వెంటబడి వచ్చారట. ఎందుకో ఆలోచించండి. "ముక్కు తుడుచుకో వెధవా" అనేవాళ్ళే గాని, తుడుచుకోవడం ఇట్లా అని మర్యాదగా చూపించినవాళ్ళు అంతవరకూ లేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కథ చదివి, మా క్లాసులో చేసి చూశాను. మా పిల్లలు చప్పట్లు కొట్టలేదు గాని, ఒక పిల్ల ఇంటికి వెళ్ళి వాళ్ళ తాతగారికి నేర్పిందట. ఆయన మరునాడు స్వయంగా వచ్చి నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

మరొక రోజు వస్తువుల బీరువాకు తాళం వేయడం మరచిపోయారు. పంతులమ్మ ఆలస్యంగా వచ్చింది. వచ్చి చూస్తే పిల్లలు ఎవరికి కావలసినది వారు తీసుకుని పని చేసుకుంటున్నారు. ఆవిడ దొంగతనం అనుకుంది. మాంటిస్సోరి మాత్రం "వీళ్ళకు ఏది కావాలో వీళ్ళకే తెలుసన్న మాట" అనుకుని, తాళం బీరువా తీసేయించి, పిల్లల చేతికి అందేంత ఎత్తులో అరలు పెట్టించింది. ఈనాడు ప్రపంచమంతటా ఆ బడులలో కనిపించే పొట్టి అరలకు మూలం అదే. ఒక మూడేళ్ళ పిల్ల కొయ్యదిమ్మెలను వాటి గుంటలలో పెట్టడం, తీయడం నలభైసార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లల చేత పాట పాడించినా, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద కూర్చోబెట్టినా తల ఎత్తలేదు. పసిపిల్లలకు నిలకడ ఉండదన్న మన పాతమాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

చదువురాని ఆ తల్లులే వచ్చి, "మా పిల్లలకు అక్షరాలు కూడా చెప్పండమ్మా" అని అడిగారు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించి, వేలితో తడిమించారు. డిసెంబరులో ఒకరోజు, ఎండ కాస్తున్న డాబా మీద ఒక అయిదేళ్ళవాడిని పొగగొట్టం బొమ్మ వేయమంటే, వేశాడు. వేసి, పక్కనే సుద్దముక్కతో ఆ మాట తానే రాశాడు! "నేను రాశాను, నేను రాశాను" అని కేకలు పెట్టాడు. ఒకడిని చూసి ఒకడు నేలమీద, తలుపులమీద, గోడలమీద రాయడం మొదలుపెట్టారు. గోడలను కాపాడడానికి పెట్టిన ఇల్లు గదా, చివరికి గోడలకు మళ్ళీ సుద్దగీతలే మిగిలాయి. క్రిస్మస్ నాటికి ఆ పసివాళ్ళు తలామోకు తమ చేతితో శుభాకాంక్షలు రాసి పంపించారు.

ఎవరికీ చెప్పని పేరు

ఇంతవరకు అందరూ చెప్పే కథ. ఇక్కడినుంచి నేను చెప్పేది ఆవిడ బతికున్నంతకాలం బయట చెప్పుకోని కథ.

ఊరివాళ్ళ పిల్లలందరికీ ఇల్లు కట్టిన ఆ తల్లికి అప్పటికే తొమ్మిదేళ్ళు నిండవస్తున్న కొడుకు ఉన్నాడు. పేరు మారియో. 1898 మార్చి 31న పుట్టాడు. తండ్రి జుసెప్పె మోంతెసానో, ఆవిడతో పనిచేసిన వైద్యుడే. పెళ్ళి జరగలేదు. ఆ రోజుల్లో పెళ్ళికాని తల్లి అని తెలిస్తే వైద్యం లేదు, ఉద్యోగం లేదు, ఎదుట నిలబడి మాట్లాడే హక్కే లేదు. బిడ్డను పల్లెటూళ్ళో ఒక పాలదాది ఇంట పెంచడానికి ఇచ్చారు. ఇద్దరూ మరొకరిని పెళ్ళాడకూడదని మాట ఇచ్చుకున్నారంటారు. 1901లో ఆయన వేరొకామెను పెళ్ళాడాడు. ఆవిడ ఆ సంస్థలో ఉద్యోగం వదిలి బయటికి వచ్చేసింది.

ఆవిడ అప్పుడప్పుడు ఆ పల్లెకు వెళ్ళి పిల్లవాణ్ణి చూసి వచ్చేది. ఎవరో ఒక అందమైన అమ్మగారు బొమ్మలు తెచ్చి ఇస్తుందని అతను అనుకునేవాడట. శాన్ లొరెంజోలో అరవైమంది పిల్లలు ఆవిడను చుట్టుకుని ఉన్న గంటలలో, ఆవిడ కన్నబిడ్డ మరొకరి పంచన పెరుగుతున్నాడు. నేను ఆ పుస్తకం చదివినప్పుడు ఈ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. కొందరు దీన్ని పట్టుకుని, "సొంత బిడ్డను పెంచలేనావిడ లోకానికి పెంపకం చెప్పిందా!" అని ఎత్తిపొడుస్తారు. బిడ్డను విడిచిపెట్టడం ఎంత నొప్పో తెలిసినావిడ కాబట్టే, పనికి పోయే తల్లి గుమ్మం దగ్గరే బిడ్డకు చోటు ఉండాలని పట్టుబట్టిందని నాకు తోస్తుంది.

1912 డిసెంబరులో ఆవిడ తల్లి రెనిల్డె కన్నుమూసింది. మరుసటి ఏడు ఆవిడ మారియోను తన దగ్గరకు తెచ్చుకుంది. అప్పుడు అతనికి పదిహేనేళ్ళు. "మీరు మా అమ్మని నాకు తెలుసు" అని అతనే అన్నాడంటారు. ఆ తరువాత నలభైయేళ్ళు తల్లీకొడుకులు విడిపోలేదు. కాని లోకానికి మాత్రం ఒకసారి మేనల్లుడని, ఇంకోసారి పెంపుడు కొడుకని చెప్పుకున్నారు.

కుటుంబమే సంస్థ

తలామోతో పొత్తు ఎంతోకాలం నిలవలేదు. శాన్ లొరెంజోలోనే 1907 ఏప్రిల్‌లో రెండో ఇల్లు, 1908లో మిలాన్ నగరంలో ఇంకొక ఇల్లు తెరిచారు. పత్రికలన్నీ ఆవిడ పేరే రాస్తుంటే యజమానికి నచ్చలేదు. కొద్దికాలానికే ఆవిడ తాను మొదలుపెట్టిన ఆ ఇళ్ళనుంచే తొలగిపోవలసి వచ్చింది. 1909లో తన పద్ధతి మీద పుస్తకం రాసింది. అది 1912లో ఇంగ్లీషులో వచ్చింది. అమెరికానుంచి, ఇంగ్లండునుంచి జనం రోముకు ప్రయాణమై వచ్చారు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రదర్శనశాలలో అద్దాల గోడల మధ్య పిల్లల తరగతి పెడితే జనం బయట బల్లలమీద కూర్చుని చూశారు.

ఆవిడ వైద్యం మానేసింది. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడం మానేసింది. పుస్తకాలు, శిక్షణ తరగతులు, వస్తువుల తయారీ, వీటిమీద వచ్చేదే జీవనం. ఉత్తరాలు రాసేదీ, రైలు టిక్కెట్లు కొనేదీ, ఒప్పందాలు చూసేదీ, పాఠాలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేదీ మారియో. అతను అమెరికాలోనే పెళ్ళి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు పుట్టారు. ఒక మనవరాలికి ముత్తవ్వ పేరు రెనిల్డె అని పెట్టారు. 1929లో తల్లీకొడుకులు కలిసి ఒక అంతర్జాతీయ సంఘం స్థాపించారు. తన పేరు పెట్టుకున్నవాళ్ళు తన పద్ధతినే పాటించాలని ఆవిడ గట్టిగా పట్టుబట్టేది. తన దగ్గర నేర్చుకున్నవారు మరొకరికి శిక్షణ ఇవ్వడానికి కూడా సులువుగా ఒప్పుకునేది కాదు. దానివల్ల దూరమైన స్నేహితులు కూడా ఉన్నారు. ఇంటి వ్యాపారంలో ఉండే మంచీ చెడూ రెండూ అందులో ఉన్నాయి.

ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆ బడులను ఆదరించింది. పిల్లలను సైనికులను చేయడానికి ఆవిడ ఒప్పుకోదని తేలాక, 1934 నాటికి అవి మూతపడ్డాయి. జర్మనీలో హిట్లరు మూయించాడు. స్పెయిన్‌లో స్థిరపడదామనుకుంటే 1936లో అంతర్యుద్ధం వచ్చింది. చివరికి నెదర్లాండ్స్‌లో తల దాచుకున్నారు. సరిగ్గా అప్పుడే మద్రాసునుంచి పిలుపు వచ్చింది.

అడయారులో పుట్టినరోజు

పిలిచినవారు అడయారు దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి. గాంధీజీ అంతకుముందే, 1931లో, లండనులో ఆవిడను కలుసుకుని ఉన్నారు. 1939 నవంబరులో అరవైతొమ్మిదేళ్ళ మరియా కొడుకుతో మద్రాసులో దిగింది. కొన్ని నెలలు ఉండి పోదామన్నది సంకల్పం. మనవలను నెదర్లాండ్స్‌లో పియెర్సన్ అనే కుటుంబం దగ్గర ఉంచి వచ్చారు. అడయారులో తాటాకు పందిళ్ళ కింద మూడువందలమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. ఆవిడ ఇటాలియనులో ఒక వాక్యం చెబితే, పక్కన నిలబడిన మారియో దాన్ని ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇద్దరి మధ్య తడబాటు ఉండేది కాదట.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. ఒక్క రోజులో వాళ్ళిద్దరూ బ్రిటిషువారికి శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహమద్‌నగర్ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. ముసలావిడను అడయారు తోట దాటి పోవద్దన్నారు. పదిహేనేళ్ళపాటు బిడ్డకు దూరంగా ఉన్న తల్లికి, డెబ్బయ్యేళ్ళ వయసులో మళ్ళీ అదే శిక్ష!

ఆగస్టు 31న ఆవిడకు డెబ్బయ్యేళ్ళు నిండాయి. ఆ రోజు వైస్రాయినుంచి తంతి వచ్చింది. మీ డెబ్బయ్యవ పుట్టినరోజుకు ఏమి బహుమతి ఇవ్వాలా అని ఆలోచించి, మీ కొడుకును మీకు తిరిగి పంపుతున్నాము అని దాని సారాంశం. కొడుకు! మేనల్లుడు కాదు, పెంపుడు బిడ్డ కాదు. నలభైరెండేళ్ళుగా ఎవరూ బాహాటంగా అనని ఆ మాటను, వాళ్ళిద్దరినీ నిర్బంధించిన సర్కారువారే కాగితం మీద రాసి పంపించారు.

యుద్ధం ముగిసేవరకు వారు ఇక్కడే ఉండిపోయారు. 1942 నుంచి 1944 వరకు కొడైకెనాల్‌లో చిన్న బడి నడిపారు. అక్కడ చిన్నా పెద్దా కలిసి, చెట్లూ పురుగులూ చూస్తూ చదువుకున్నారు. అహమదాబాద్, ఇంకా ఎన్నో ఊళ్ళు తిరిగి వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేశారు. ఆవిడ పుస్తకాలలో ఎక్కువమంది చదివే "ది అబ్సార్బెంట్ మైండ్" మొదట 1949లో అచ్చయినది అడయారులోనే. 1946లో వెళ్ళి మళ్ళీ 1947లో వచ్చి, 1949 దాకా తిరిగారు. 1952 మే 6న నెదర్లాండ్స్ సముద్రతీరాన నూర్ద్‌విక్‌లో ఆవిడ కన్నుమూసింది. వీలునామాలో మాత్రం మారియోను "నా కొడుకు" అనే రాసింది.

ఆ తరువాత ముప్పయ్యేళ్ళు, 1982లో చనిపోయేవరకు, మారియో ఆ సంఘాన్ని నడిపాడు. మనవరాలు రెనిల్డె కూడా దానికి కార్యదర్శిగా, అధ్యక్షురాలిగా పనిచేసింది. 1990లో ఇటలీ ప్రభుత్వం వెయ్యి లీరాల నోటు మీద మరియా బొమ్మ వేసింది.

పేరు ఎవరి సొత్తు?

పేరు మీద పట్టు మాత్రం కుటుంబం చేతిలో నిలవలేదు. 1967లో అమెరికాలో, "మాంటిస్సోరి" అన్నది ఒక పద్ధతి పేరేగాని ఒకరి సొంత వ్యాపారగుర్తు కాదని తీర్పు వచ్చింది. మన దేశంలోనూ ఎవరైనా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. మా వీధి పెయింటరుకు అంత స్వేచ్ఛ వచ్చింది అందుకే.

అయితే ఆ స్వేచ్ఛవల్ల మేలు కూడా జరిగింది. గుజరాతులో గిజుభాయి బధేకా అనే వకీలు తన కొడుకు చదువు కోసం ఆవిడ పుస్తకం చదివి, వకాలతు మాని, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్, ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని కొస్బాడ్ కొండప్రాంతంలో ఆదివాసుల పిల్లల మధ్యకు వెళ్ళారు. విదేశీ కొయ్యదిమ్మెలు కొనడానికి డబ్బు ఎక్కడిది? గింజలు, ఆకులు, గులకరాళ్ళు, మట్టిబొమ్మలే వాళ్ళ వస్తువులు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ఇంటి ముంగిట పెట్టారు. ముంగిటి తోట అనే అర్థంలో పుట్టిన "అంగన్‌వాడి" అనే మాట, 1975 అక్టోబరు 2న ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకంతో మన ప్రతి పల్లెకూ వచ్చింది. మన తెలుగునాట విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లో మాంటిస్సోరి పేరుతో బడి పెట్టి, దాన్ని మహిళా కళాశాల దాకా పెంచారు.

చూశారా, రోములో కూలివాళ్ళ మేడలో పుట్టినది మన పట్టణాలలో ఫీజుల బడి అయింది. మన పల్లెలో అంగన్‌వాడి మాత్రం పాత ఇంటి పోలికలను ఇంకా నిలబెట్టుకుంది. రెండింటికీ అమ్మమ్మ ఒకరే.

ఇక మన ఇంటి సంగతి

మా కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. ప్రసవం సెలవు అయిపోయే వారంలో మా ఇంట్లో పెద్ద సభే జరిగింది. మా ఆడపడుచు, "కన్నతల్లి ఉండగా బిడ్డను పరాయిచోట పెట్టడమేమిటమ్మా, కలికాలం కాకపోతే!" అంది. కోడలు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి, ఉయ్యాల దగ్గర నిలబడింది. నేను అప్పుడు ఆడపడుచుకు 1907లో మాంటిస్సోరి చెప్పిన మాటే నా మాటల్లో చెప్పాను. "వదినా, గొప్పింటి ఆడవాళ్ళు తరతరాలుగా బిడ్డలను దాదుల చేతుల్లో పెట్టలేదూ? వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. పనికిపోయే ఆడది అదే చేస్తే కలికాలం ఎట్లా అవుతుంది? ఆ గొప్పింటి సౌకర్యం కూలితల్లికి కూడా ఉండాలనే ఆవిడ ఆ ఇల్లు పెట్టింది" అన్నాను. వదిన, "నువ్వు టీచరువి, నీతో నేను వాదించలేను" అని మజ్జిగ పుచ్చుకుని లేచింది. మరునాడు మాత్రం శిశుసదనాలు చూడడానికి మాతో ఆటో ఎక్కింది.

మన దేశంలో ఆడకూలీలు ఎక్కువగా ఉన్న ఫ్యాక్టరీలలో శిశుగృహం ఉండాలని 1948 నాటి చట్టంలోనే రాశారు. యాభైమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసదనం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో ప్రసూతి చట్టం సవరించారు. కాగితం మీద రాసినది గుమ్మం దాకా రావడానికి మన దేశంలో చాలా కాలం పడుతుంది. అందుకని చాలామంది తల్లులు ఊళ్ళో తామే వెతుక్కోవలసి వస్తోంది.

వెతికేవారికి నేను చెప్పేది ఇదే. బోర్డు చూడకండి, గోడమీది రంగులు చూడకండి. అరలు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి. మూడేళ్ళవాడు తన చేతితో అందుకోగలిగితే సరి. మంచినీళ్ళు పిల్లలు తామే తాగగలుగుతున్నారా, గ్లాసు కోసం ఏడవవలసి వస్తోందా చూడండి. పదినిమిషాలు కూర్చుని వినండి. పంతులమ్మ గొంతు ఎక్కువ వినిపిస్తోందా, పిల్లల గొంతులు ఎక్కువ వినిపిస్తున్నాయా? మూడేళ్ళ పిల్ల ఒక పని మొదలుపెడితే పూర్తిచేయనిస్తున్నారా, గంట కొట్టి లాగేసుకుంటున్నారా?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న చివరికి అడగండి. శాన్ లొరెంజోలో ఆ కూలితల్లులకు ఒక హక్కు ఉండేది. పనిలో కాస్త తీరిక దొరికితే, ఏ వేళనైనా ఆ ఇంట్లోకి వెళ్ళి తమ బిడ్డ ఏమి చేస్తున్నాడో చూసి రావచ్చు. "అమ్మా, చెప్పకుండా నేను ఎప్పుడైనా లోపలికి వచ్చి చూడవచ్చా?" అని అడగండి. మొహం చిట్లించకుండా "రండమ్మా" అన్నచోట మాత్రమే ఫీజు సంగతి మాట్లాడండి. మా ఇంట్లో ఆ ప్రశ్న వేసినది నేను కాదు, మా కోడలు కూడా కాదు. మా ఆడపడుచే.